పదమూడు జతల అడుగులు

సార్జెంట్ అమోని బూట్లు విప్పి, మేజోళ్ళు వాటిలో కుక్కి, ఎర్రటి ఇసుక మీద వట్టి కాళ్ళతో నడిచింది. ఇరవై అడుగులు వేసి వెనక్కి తిరిగి చూసింది. శిబిరం మధ్యలో రేకుల గదిలో కూర్చున్న గేదెల సుభాషిణి ముందు తెర మీద ఒక సన్నటి గీత వణికింది. దాని పక్కన అక్షరాలు వచ్చాయి: "సార్జెంట్ అమోని. అరవై రెండు కిలోలు. బరువేమీ మోయడం లేదు."

అంతకుముందు బూట్లతో నడిచినా ఆమె పేరే చెప్పింది. కావాలని కుంటుతూ నడిచినా ఆమె పేరే చెప్పింది. ఈసారి కర్నల్ ముటిండా ఒక ఇసుక మూట ఆమె భుజాన పెట్టించి నడిపించాడు. "సార్జెంట్ అమోని. ఇరవై కిలోల బరువుతో" అంది తెర.

కర్నల్ చప్పట్లు కొట్టాడు. "మేడమ్, ఇన్నాళ్ళూ ఈ నేల వాళ్ళ తరఫున ఉండేది. ఈ రోజునుంచి మా కొలువులో చేరింది" అన్నాడు.

తూర్పు ఆఫ్రికాలో కెరెంగా చిన్న దేశం. దాని ఉత్తరపు సరిహద్దుకు అవతల పదేళ్ళుగా ప్రభుత్వం అన్నది లేదు. అక్కణ్ణుంచి ముఠాలు వచ్చి సరిహద్దు వెంట ఉన్న రోడ్డు కింద మందుపాతరలు పెట్టేవి. బస్సులు ఆపి మనుషులను కాల్చేవి. సైన్యం వచ్చేలోపు తిరిగి వెళ్ళిపోయేవి. సరిహద్దు పొడవు ఎక్కువ, సైనికులు తక్కువ. ఉన్న సైనికులే ఆ రోడ్డు మీద మందుపాతరలకు బలవుతున్నారు.

సుభాషిణిది పార్వతీపురం దగ్గరి పల్లె. ఆమె ఈ పని మొదలుపెట్టింది ఏనుగుల కోసం. కొండ దిగి వచ్చే ఏనుగుల మంద చెరకు తోటలో కాలు పెట్టకముందే ఊరికి ఫోను మోగేలా చేసింది. నేలలో జానెడు లోతున వెంట్రుకంత గాజు తీగ పాతి, ఒక కొసనుంచి అందులోకి కాంతి పంపుతారు. పైన అడుగు పడితే నేల అదురుతుంది, తీగ వంగుతుంది, కాంతి చెదిరి తిరిగొస్తుంది. ఆ చెదిరిన కాంతిని చదివి, నడిచింది ఎవరో చెప్పాలి. పదకొండేళ్ళు ఆమె అదే పని చేసింది. ఆమె పనిచేసే విశాఖపట్నంలోని సంస్థ ఏనుగుల నుంచి మనుషులకు వచ్చింది. మనుషుల నుంచి సైన్యానికి వచ్చింది. ఇక్కడ సరిహద్దు వెంబడి నలభై కిలోమీటర్ల తీగ పాతారు. సిపాయిలు ఆ యంత్రాన్ని 'సికియో' అనేవారు. స్వాహిలీలో చెవి అని అర్థం.

మూడో వారంలోనే సికియో పని చేసింది. తెల్లవారుతుండగా పదిహేడో కిలోమీటరు దగ్గర నలుగురు రోడ్డు దాకా వచ్చారనీ, ఒకడు మోకాళ్ళ మీద కూర్చున్నాడనీ చెప్పింది. సైనికులు వెళ్ళి ఇద్దరిని ప్రాణాలతో పట్టుకున్నారు. సగం తవ్విన గోతిలో మందుపాతర దొరికింది. గంట తరవాత అదే రోడ్డు మీద ముప్పైమంది రిక్రూట్లతో లారీ వెళ్ళింది. ఆ కుర్రాళ్ళు పాడుకుంటూ పోవడం సుభాషిణి కిటికీలోంచి విన్నది.

ఆ మధ్యాహ్నం మేకను కోశారు. అమోని పళ్ళెం తెచ్చి ఆమె ముందు పెట్టింది.

"తినండి మామా సుభా."

అక్కడ 'మామా' అంటే అమ్మ. మొదటిసారి విన్నప్పుడు సుభాషిణి పగలబడి నవ్వింది. ఇప్పుడు అలవాటైపోయింది.

"మా తమ్ముడు ఎకాయ్ కూడా సిపాయే. ఆ రోడ్డు మీదే రెండు కాళ్ళూ పోయాయి. మీరు రెండేళ్ళు ముందు వచ్చుంటే ఎంత బాగుండేది" అంది అమోని.

ఆ సంగతంతా సుభాషిణి ఫోనులో భర్తకు చెప్పింది. కూర్మారావు బొబ్బిలి దగ్గర ప్రాథమిక పాఠశాల మాస్టారు.

"ముప్పైమందా! ఒలమ్మ, ముప్పై తల్లుల కడుపు నిలబెట్టినావు కదే" అన్నాడు. ఆ మాట ఆమె మనసులో చాలారోజులు ఉండిపోయింది.

మరో నెలకు రాజధానినుంచి ఆదేశం వచ్చింది. సికియోను ఆయుధాలున్న డ్రోన్‌తో కలపాలట. బరువులతో సరిహద్దు దాటి వచ్చే అయిదుగురికి మించిన గుంపు, సైన్యానికి తెలియని అడుగులు అయితే శత్రువు కింద లెక్క. సుభాషిణి ఒక షరతు పెట్టింది. యంత్రం చెప్పాక డ్యూటీ అధికారి డ్రోన్ కెమెరాలో మనుషులను కళ్ళారా చూడాలి. చూసి, తాళం తిప్పితేనే కాల్పులు. తొంభై సెకన్లలో తిప్పకపోతే ఏమీ జరగకూడదు. కర్నల్ విసుక్కున్నాడు కానీ ఒప్పుకున్నాడు.

ఒక గాలిదుమ్ము రోజున సికియో తొమ్మిదిమందిని చూపించింది. డ్యూటీలో ఉన్న లెఫ్టినెంట్ కెమెరాలోకి వంగి చూశాడు. ఎర్రటి దుమ్ము తప్ప ఏమీ కనిపించలేదు. "ఎవరో తెలియడం లేదు" అంటూనే ఉన్నాడు. తొంభై సెకన్లు అయిపోయాయి. ఆ తొమ్మిదిమంది గట్టు ఎక్కి, గస్తీ తిరిగి వస్తున్న రెండు బండ్ల మీద రాకెట్లు వదిలారు. పదకొండుమంది సైనికులు చనిపోయారు.

వాళ్ళను తెచ్చి కవాతు మైదానంలో వరసగా పడుకోబెట్టారు. కర్నల్ వచ్చి సుభాషిణి మోచేయి పట్టుకుని గదిలోంచి బయటికి నడిపించాడు. ఒక్కొక్క శవం దగ్గరా ఆపాడు.

"వీడు వఫూలా. వీడికి ఇరవై రెండేళ్ళు. వీడు ఒతియెనో. వీడి పెళ్ళాం నిండు గర్భిణి. ఇడుగో కిమాని, నిన్న మీ గది రేకులు బాగుచేసింది వీడే. చూడండి, మొహం తిప్పుకోకండి! మీ యంత్రం సరిగ్గా చెప్పింది. మీ తొంభై సెకన్లు చంపాయి వీళ్ళను. మీకు అనుమానాలు, మాకు శవపేటికలు!"

ఆమె వరస చివరిదాకా చూసింది.

విశాఖనుంచి సంస్థ డైరెక్టర్ వేగిరాజు ఫోను చేశాడు. "వాళ్ళ దేశం, వాళ్ళ సైన్యం, వాళ్ళ యుద్ధం. మనం యంత్రం ఇచ్చాం. వాళ్ళెలా అడిగితే అలా చేసి పెట్టమ్మా. తాళం తీసెయ్."

కూర్మారావు మాత్రం అడ్డం పడ్డాడు. "సూడకుండా ఎలగ కాల్సేత్తారు సుభా? వొచ్చినోలు ఎవులో, ఏటో..."

"పదకొండు శవాల్ని సూసొచ్చాను నేను! బడిలో ఎక్కాలు సెప్పుకొనే మనిషివి, నాకు నీతులు సెప్పకు" అని ఫోను పెట్టేసింది.

అరగంటలో పని అయిపోయింది. ప్రోగ్రాములో ఆగి చూడమని చెప్పే నాలుగు వాక్యాలు తీసేసింది. బల్లకు బిగించిన తాళాన్ని మెకానిక్ వచ్చి విప్పుకుపోయాడు. ఆ పని చేస్తున్నప్పుడు ఆమెకు భయం వేయలేదు, అనుమానం రాలేదు. కోపమొకటే ఉంది. ఆ కోపం న్యాయమైనదే అనుకుంది.

తరవాత పంతొమ్మిది రోజులకు, ఒక మంగళవారం ఉదయం ఆరూ నలభైకి, ముప్పై ఒకటో కిలోమీటరు దగ్గర తెర ఎర్రబడింది. తెర ముందు డ్యూటీ కుర్చీలో అమోని ఉంది. సుభాషిణి వెనక నిలబడి కాఫీ తాగుతోంది. పదమూడు జతల అడుగులు. అవతలినుంచి ఇవతలికి. ఒకరి వెనక ఒకరు, ఒకే వేగంతో. ఒక్కొక్కరి మీదా ఇరవై కిలోల బరువు.

"మామా సుభా, వీళ్ళ అడుగులు పొట్టిగా ఉన్నాయి" అంది అమోని.

"బరువుంటే ఎవరి అడుగైనా పొట్టిదవుతుంది" అంది సుభాషిణి.

అమోని చేయి అలవాటుగా తాళం వైపు వెళ్ళింది. అక్కడ రెండు మరమేకుల గుంటలు తప్ప ఏమీ లేవు. కిటికీ రెక్కలు అదిరాయి. దూరంగా పొగ లేచింది. తెర మీద గీతలన్నీ ఒకేసారి నిలిచిపోయాయి.

పదమూడుమంది ఉగ్రవాదులు హతమయ్యారని పదింటికి రేడియోలో చెప్పారు. సైనికులెవరికీ గీత కూడా పడలేదని చెప్పారు. భోజనశాలలో సిపాయిలు బల్లలు చరిచారు. కర్నల్ వచ్చి సుభాషిణి చేయి పట్టుకుని ఊపాడు.

అమోని ఆ రోజు భోజనానికి రాలేదు. మర్నాడు సెలవు పెట్టి వెళ్ళింది. వెళ్ళింది నకాలే అనే పల్లెకు. సరిహద్దుకు ఇవతల, పశువులు కాచుకునేవాళ్ళ ఊరు. ఆమె తల్లి తరఫు వాళ్ళు ఆ చుట్టుపక్కలే ఉంటారు. మూడోరోజు ఉదయం తిరిగొచ్చి, సంచిలోంచి ఒక పసుపు ముద్ద తీసి సుభాషిణి కీబోర్డు మీద పడేసింది. కరిగి గడ్డకట్టిన ప్లాస్టిక్. ఒక పక్క మాత్రం క్యాను పిడి ఆకారం మిగిలి ఉంది.

"ఏమిటిది?" అంది సుభాషిణి.

"మీ ఉగ్రవాదుల ఆయుధం."

"అమోనీ..."

"ఇరవై లీటర్ల నీళ్ళ క్యాను. పన్నెండుమంది ఆడవాళ్ళు, ఒక ముసలాయన. నకాలే బావి ఎండిపోయి నెల దాటింది. అవతల ఒక చెలమ ఉంది. రోజు విడిచి రోజు పోయి నీళ్ళు తెచ్చుకుంటున్నారు. ఇరవై లీటర్లు ఎన్ని కిలోలు మామా సుభా? మీరు పెద్ద చదువులు చదివారు కదా, చెప్పండి!"

సుభాషిణి ఆ ముద్దను చేతిలోకి తీసుకుంది.

"అడుగులు పొట్టిగా ఉన్నాయని చెప్పాను" అంది అమోని. అరవలేదు. పళ్ళ మధ్యనుంచి ఒక్కొక్క మాటే వదిలింది. "నేను ఆడదాన్ని. ఆడవాళ్ళ నడక నాకు తెలుసు. మీరూ ఆడవారే. మీకు తెలియలేదా?"

ఆమె వెళ్ళాక సుభాషిణి తలుపు గడియ పెట్టుకుని పాత రికార్డులు తెరిచింది. వెతకడానికి ఎక్కువసేపు పట్టలేదు. అన్నీ అక్కడే ఉన్నాయి. నెల రోజులుగా ఆ పదమూడు జతల్లో చాలా అడుగులు చీకటి విడిచేవేళకు ఖాళీగా అవతలికి పోయాయి. ఎండ ఎక్కకముందే బరువుతో తిరిగొచ్చాయి. ఒకసారి ఎనిమిదిమంది, ఒకసారి నలుగురు, ఒకసారి పదిమంది. తాళం ఉన్న రోజుల్లో లెఫ్టినెంట్ కెమెరాలో చూసి, క్యాన్లు కనబడి, తిప్పకుండా వదిలేశాడు, ఎవరికీ చెప్పలేదు. తాళం పోయాక దాదాపు మూడు వారాలపాటు నలుగురేసి, అయిదుగురేసి వెళ్ళారు కాబట్టి బతికారు. ఆ మంగళవారం ఎక్కువమంది కలిసి వెళ్ళారు.

యంత్రానికి మనుషుల నడక నేర్పింది ఆమే. మూడువందల పన్నెండుమంది సిపాయిల అడుగులతో నేర్పింది. వాళ్ళలో ఆడది అమోని ఒక్కతే. నీళ్ళు మోసే మనిషి అడుగు ఎలా ఉంటుందో యంత్రానికి ఎవరూ చెప్పలేదు. చెప్పాలన్న ఆలోచన ఆమెకే రాలేదు. చిన్నప్పుడు తను కూడా పల్లె పక్కన పారే గెడ్డనుంచి బిందెతో నీళ్ళు మోసింది. ఆ సంగతి ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది.

రికార్డులు అచ్చువేసి కర్నల్ ముందు పెట్టింది. ఆయన మొదటి కాగితం చదివి మిగతావి తిరగేసి పెట్టాడు.

"చెరిపేయండి."

"చెరపను."

"మేడమ్, నా మనుషులు నాలుగు నెలల తరవాత ఇప్పుడే కంటినిండా నిద్రపోతున్నారు. వాళ్ళకు ఆడవాళ్ళను చంపామని చెప్పమంటారా? యంత్రం శత్రువు అంది. యంత్రం పొరబడదని మీ సంతకంతో కాగితం ఉంది నా దగ్గర."

"ఆ సంతకం నాదే. అందుకే చెరపను."

వేగిరాజు ఫోనులో మొదట బతిమాలాడు, తరవాత బెదిరించాడు. గోప్యత ఒప్పందం గుర్తుచేశాడు. ఆమె వింటూనే రికార్డులన్నీ సైనిక ప్రధాన కార్యాలయపు విచారణ విభాగానికి పంపింది. రెండు వారాలు గడిచాయి. ఒక్క జవాబు రాలేదు.

అప్పుడు అమోని సుభాషిణి దగ్గరున్న ఆ పసుపు ముద్దను తీసుకుని తమ్ముడికి పంపింది. ఎకాయ్ ఇస్త్రీ చేసిన యూనిఫాం వేసుకుని, పతకాలు పెట్టుకుని, చక్రాల కుర్చీలో రాజధానికి వెళ్ళి ప్రధాన కార్యాలయం గేటు ముందు కూర్చున్నాడు. ఆ ముద్దను ఒళ్ళో పెట్టుకున్నాడు. ఏమిటని అడిగిన ప్రతివాడికీ చెప్పాడు. కాపలా సిపాయిలు అతన్ని లేపలేకపోయారు. లేపమన్న అధికారితో వాళ్ళే గొడవ పడ్డారు. పత్రికల్లో ఫోటోలు వచ్చాయి. అయిదోరోజు విచారణ ప్రకటించారు.

బ్రిగేడియర్ సిమియు ఇద్దరు అధికారులతో హెలికాప్టర్‌లో శిబిరానికి వచ్చాడు. ముప్పై ఒకటో కిలోమీటరు దగ్గర గుడారం వేసి, తెర అక్కడికే తెచ్చి పెట్టారు. డ్రోన్ పైన తిరుగుతూనే ఉంది. సరిహద్దును గంటసేపైనా వదలనని కర్నల్ పట్టుబట్టి, సికియోకూ డ్రోన్‌కూ ఉన్న లంకె తీయనివ్వలేదు.

నకాలేనుంచి తొమ్మిదిమంది ఆడవాళ్ళు వచ్చారు. ఆ మంగళవారం నీళ్ళకు వెళ్ళనివాళ్ళు. ఒకామెకు ఆ రోజు జ్వరం. ఒకామె మేకలను వెతుక్కుంటూ వెళ్ళింది. గుంపుగా నడిస్తే ప్రమాదమని అమోని వాళ్ళను ఖాళీ చేతులతో, ఒకరి తరవాత ఒకరుగా తీగ మీద నడిపించింది. ఒక్కొక్కరు నడిచినప్పుడల్లా తెర మీద ఒక్కొక్క పంక్తి వచ్చింది: "శత్రువు. ఫైలు రెండువందల ఏడు." "శత్రువు. ఫైలు రెండువందల పదకొండు." తొమ్మిదిమందీ ఆ ఫైళ్ళలో ఉన్నారు.

"ఇవి చనిపోయినవారితో కలిసి నడిచిన అడుగులు సర్" అంది సుభాషిణి. "యంత్రం శత్రువులని పెట్టుకున్న ఈ ఫైళ్ళన్నీ ఈ ఊరి ఆడవాళ్ళే."

కర్నల్ లేచాడు. "ఉగ్రవాదులకు పెళ్ళాలుండరా? వాళ్ళకు తిండీ నీళ్ళూ మోసేది ఇలాంటి ఆడవాళ్ళే. యంత్రం శత్రువు అంది. నాకు అది చాలు. రేపు మళ్ళీ అంటే మళ్ళీ కాలుస్తాను."

అమోని గుడారం వెనక్కి వెళ్ళింది. నీళ్ళు నింపిన పసుపు క్యాన్లు రెండు చేతులతో రెండేసి తెచ్చి వరసగా పెట్టింది. ఆరు పెట్టింది.

"అయితే నడవండి సర్."

"ఏమిటి?"

"మీరు, మీతో వచ్చిన అయిదుగురు సిబ్బంది అధికారులు. తలా ఒక క్యాను ఎత్తుకుని అవతలినుంచి ఇవతలికి ఇరవై అడుగులు వేయండి. యంత్రం పొరబడదు కదా. మీరు శత్రువు కాదని అదే చెబుతుంది."

"సార్జెంట్, నీ స్థానం మరిచిపోకు!"

"మరిచిపోలేదు. సిపాయిలందరం యంత్రానికి మా అడుగులు ఇచ్చాం. మమ్మల్ని అది గుర్తుపడుతుంది. మీరు ఇవ్వలేదు. మీరెప్పుడూ ఈ రోడ్డు మీద జీపు దిగలేదు." ఆమె ఒక క్యానును కర్నల్ కాళ్ళ దగ్గరికి తోసింది. "ఎత్తండి! మా ఆడవాళ్ళు నాలుగు గంటలు మోస్తారు. మీరు ఇరవై అడుగులు మోయలేరా?"

ఎవరూ కదల్లేదు. కర్నల్ క్యాన్ల వైపు చూశాడు. తరవాత తల ఎత్తి ఆకాశంలోకి చూశాడు. అతని వెనకున్న అయిదుగురూ కూడా చూశారు. డ్రోన్ చప్పుడు సన్నగా వినిపిస్తోంది.

"నడవండి కర్నల్" అన్నాడు బ్రిగేడియర్.

"ఇదంతా తమాషా సర్. వీధి నాటకం."

"నడవమని ఆజ్ఞ ఇస్తున్నాను."

కర్నల్ నడవలేదు. అతని పై పెదవి మీద చెమట పట్టింది. చేతులు వెనక్కి కట్టుకుని అక్కడే నిలబడ్డాడు. తొమ్మిదిమంది ఆడవాళ్ళలో ఒకామె ఏదో అని నేలమీద ఉమ్మింది. దాన్ని ఎవరూ అనువదించలేదు.

బ్రిగేడియర్ సుభాషిణి వైపు తిరిగాడు. "లంకె తీసేయండి." ఆమె తెర పక్కనున్న పెట్టెలోంచి లంకె తీగను రెండు చేతులతో పీకింది.

"ఇంకొకటి కూడా రాసుకోండి" అంది విచారణ రాసుకుంటున్న గుమాస్తాతో. "ముందు ఒక తాళం ఉండేది. మనిషి చూశాకే కాల్చాలని పెట్టాం. దాన్ని తీసింది నేను. అడుగులు పొట్టిగా ఉన్నాయని సార్జెంట్ చెబితే కొట్టిపారేసిందీ నేనే. గేదెల సుభాషిణి. అక్షరాలు సరిగా రాయండి."

గుమాస్తా బ్రిగేడియర్ మొహంలోకి చూశాడు. "రాయి" అన్నాడు బ్రిగేడియర్.

ఆమెను మర్నాడే దేశం విడిచి వెళ్ళమన్నారు. విమానం సాయంత్రానికి. పొద్దున్నే అమోనితో కలిసి నకాలే వెళ్ళింది. వద్దని అమోని చెప్పలేదు, రమ్మని కూడా చెప్పలేదు. బండి నడిపింది, అంతే.

ముళ్ళకంప దడి లోపల గుడిసెలు. చనిపోయినవాళ్ళలో ఇద్దరు కోడళ్ళున్న మామా నకిరు మేకతోలు మీద కూర్చుని ఉంది. మెడనిండా పూసల దండలు. సుభాషిణి ఆమె ముందు నేల మీద కూర్చుంది.

"నేను చేసిన యంత్రం మీ వాళ్ళను చంపింది" అంది. అమోని ఆ మాట వాళ్ళ భాషలో చెప్పింది.

ముసలామె చేయి ఊపి ఊరివాళ్ళను పిలిచింది. మగవాళ్ళు, పిల్లలు, ఆ తొమ్మిదిమంది ఆడవాళ్ళు వచ్చి చుట్టూ నిలబడ్డారు.

"మళ్ళీ చెప్పమంటోంది" అంది అమోని. "వెనకున్నవాళ్ళకు వినబడేలా."

సుభాషిణి లేచి నిలబడి చెప్పింది. ఒకడు కర్ర ఎత్తి ముందుకు వచ్చాడు. నకిరు కసిరితే ఆగాడు కానీ కర్ర దించలేదు.

"ఎంతమందిని చంపావో చెప్పమంటోంది."

"పదమూడుమందిని."

ముసలామె అడ్డంగా తల ఊపింది. వేళ్ళు ముడిచి తెరిచి చూపించింది. పది. తరవాత నాలుగు.

"లేదు. యంత్రం పదమూడు జతలే లెక్కపెట్టింది. నేను మళ్ళీ మళ్ళీ చూశాను" అంది సుభాషిణి.

అమోని అనువదించలేదు. ఆమె కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. ఆ రోజంతా, ఆ నెలంతా రాని కన్నీళ్ళు.

"వాళ్ళలో నావోయ్ వీపున బిడ్డ ఉంది మామా సుభా. ఎనిమిది నెలల పిల్ల. ఇంకా నేల మీద అడుగు వేయలేదు."

సుభాషిణి నేల మీద కూర్చుని ఏడ్చింది. మామా నకిరు ఆమెను ఓదార్చలేదు. ఒకే ఒక్క మాట అని లోపలికి వెళ్ళిపోయింది.

"ఏమంది?"

"ఇక్కడ ఏడిస్తే మాకేం లాభం, పోయి మీ ఊళ్ళో చెప్పు అంది."

అమోని విమానాశ్రయం బయటే దింపింది. సుభాషిణి చేయి చాపింది. అమోని ఆ చేయి వైపు చూసి, స్టీరింగు తిప్పి వెళ్ళిపోయింది.

నాలుగు నెలల తరవాత విచారణ నివేదిక వచ్చింది. ఇకమీదట మనిషి కంటితో చూడకుండా కాల్చకూడదని అందులో ఉంది. అదొక్కటీ మంచి సంగతి. జరిగినదాన్ని సాంకేతిక లోపం అన్నారు. సుభాషిణి పేరు లేదు, తాళం ఊసు లేదు. కర్నల్ ముటిండాను రాజధానిలో అధికారుల శిక్షణ కళాశాలకు అధిపతిగా పంపారు. సైనిక విషయాలు బయటికి చెప్పిందని అమోని భుజాన ఉన్న సార్జెంట్ పట్టీలు మూడూ లాగేసి మామూలు సిపాయిని చేశారు. ఆ వార్త ఎకాయ్ ఫోను చేసి చెప్పాడు. మాట్లాడుతున్నంతసేపూ అతను అరుస్తూనే ఉన్నాడు. సుభాషిణి అరవనిచ్చింది.

ఆ నెలలోనే విశాఖలో సముద్రం ఎదురుగా ఉన్న హోటల్లో సంస్థవారు ప్రదర్శన పెట్టారు. ఆరు దేశాలనుంచి సైనికాధికారులు వచ్చారు. సుభాషిణి రాజీనామా ఇచ్చినా, నోటీసు గడువు ఇంకా పదిరోజులుంది. యంత్రం కనిపెట్టిన మనిషి వేదిక మీద ఉండాలని వేగిరాజు పట్టుబట్టాడు. నవ్వుతూ నిలబడితే చాలు, మాట్లాడక్కర్లేదన్నాడు. ఆమె సరేనంది. కూర్మారావు సెలవు పెట్టి వచ్చి చివరి వరసలో కూర్చున్నాడు.

ప్రతి కుర్చీలోనూ రంగుల పుస్తకం పెట్టారు. దాని మొదటి పేజీలో 'యుద్ధభూమిలో నిరూపితం' అని ఉంది. వేగిరాజు అదే చదివాడు. "ఒకే ఒక్క ఉదయం, పదమూడుమంది ఉగ్రవాదులు. మన సైనికుడికి చిన్న దెబ్బైనా తగలకుండా!" అన్నాడు. చప్పట్లు మోగాయి.

సుభాషిణి రెండడుగులు ముందుకేసి అతని చేతిలోంచి మైకు లాక్కుంది. మరో చేతిలో నకాలేవాళ్ళ పేర్లు రాసుకున్న కాగితం ఉంది.

"పదమూడుమంది కాదు, పద్నాలుగుమంది. ఉగ్రవాదులు కారు. నీళ్ళు మోసుకొస్తున్న ఆడవాళ్ళు, ఒక ముసలాయన. చంపింది నేను. వాళ్ళ పేర్లు చదువుతాను. అరుకుదీ. అకాయ్. నావోయ్..."

"మైకు ఆపండి!" అని వేగిరాజు అరిచాడు. ఎవరో మీట నొక్కారు. చేతిలో మైకు మూగబోయింది. ఆమె దాన్ని నేలకేసి కొట్టి, నకాలే ఊళ్ళో చెప్పినంత గట్టిగా, వెనకున్నవాళ్ళకు వినబడేలా చదువుతూనే ఉంది. సెక్యూరిటీవాళ్ళు ఇద్దరు మెట్లెక్కారు. కూర్మారావు వాళ్ళకన్నా ముందు పరుగెత్తుకొచ్చి మెట్లకు అడ్డంగా నిలబడ్డాడు.

"అవ్వనీండ్రా! పేర్లు అవ్వనీండి!"

అతన్ని పక్కకు తోసి వాళ్ళు పైకి వచ్చేసరికి పదకొండు పేర్లయ్యాయి. రెక్కలు పట్టుకుని లాగుతుంటే మరో రెండు చదివింది. అధికారుల్లో కొందరు లేచి నిలబడ్డారు, కొందరు పుస్తకం మూసి నేల చూపులు చూశారు. గుమ్మం దగ్గరికి వచ్చాక ఆమె రెండు చేతులతో తలుపు చట్రాన్ని పట్టుకుని నిలబడిపోయింది.

"నావోయ్ కూతురు. ఎనిమిది నెలలు. ఈ పిల్ల మీ లెక్కలో లేదు. రాసుకోండి!"